కొండకు తోడొచ్చే కత్తి

ఈ కత్తి మీద పేరు లేదు, ముద్ర లేదు. పిడి కొస నుంచి మొన దాకా తొమ్మిది అంగుళాలకు కొంచెం తక్కువ. అందులో కోసే భాగం, అంటే అలుగు, నాలుగంగుళాల మీద ఒక నూలు ఉంటుంది. బంగారుపాళ్యం వైపు ఒక పల్లె కొలిమిలో, లారీ కమాన్ పట్టీ ముక్కను కాల్చి, సాగగొట్టి చేశారు దీన్ని. సంతలో పది కత్తుల మధ్య పరిస్తే ముందుగా కన్ను దీని మీద పడదు. పక్కలు నిగనిగలాడవు. వీపు దగ్గర కొలిమి నలుపు ఇంకా అక్కడక్కడా అంటుకునే ఉంది. చేతిలోకి తీసుకున్నవాళ్లు మాత్రం వెంటనే తిరిగి ఇవ్వరు. ఒకసారి తిప్పి చూస్తారు, బొటనవేలు వీపు మీద ఆనిస్తారు, గాలిలో ఒక కొమ్మను కోసినట్టు మణికట్టు ఆడిస్తారు. ఇంత సాదా వస్తువు చేతికి అంత నచ్చడానికి దాని ఒంట్లో ఏముందో, అంగుళం అంగుళం చూడవలసిన పనితనం అది.

ముందుగా, దీనికి పని ఎక్కడో చెప్పాలి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో బంగారుపాళ్యం దాటగానే రెండు పక్కలా మామిడి తోటలు, వాటి వెనక గుండ్లు పేర్చినట్టున్న కొండలు. మొగిలి దగ్గర ఘాటు ఎక్కుతుంటే ఎండాకాలంలో కూడా గాలి మారుతుంది. ఇవి ఆకాశాన్నంటే పర్వతాలు కావు. పొద్దున చద్ది మూట కట్టుకుని బయలుదేరితే, పొద్దు వాలేలోగా దిగిరావచ్చు. అయినా దారి దారిలా ఉండదు. తంగేడు, బలుసు, కలివి, రేగు, తుమ్మ, వాటి మీద అల్లుకుపోయిన లాంటానా. మేకలు నడిచిన జాడ ఉన్నట్టుండి ముళ్లలోకి పోయి మాయమవుతుంది. సెల్‌ఫోను సిగ్నలు మొదటి మలుపులోనే పోతుంది. ఊరు కంటికి కనబడుతూనే ఉన్నా, కాలు బెణికితే ఆ ఊరు చాలా దూరమవుతుంది.

అలాంటి ఒక్క పూట నడకలో కత్తికి ఏం పని పడుతుంది? దోసకాయో మామిడికాయో కోసుకోవడం. చేతికర్రకు ఒక కొమ్మను చెక్కి నునుపు చేసుకోవడం. సంచికి చుట్టుకున్న ముళ్లతీగను తెంచడం. చెప్పు వారు తెగితే తాడు ముక్క కోసి కట్టుకోవడం. బెణికిన కాలికి కట్టు కోసం పంచె అంచు చించడం. అరికాల్లో దిగిన రేగుముల్లు చుట్టూ చర్మాన్ని కొంచెం తెరిచి, ముల్లు పైకి తేవడం. అన్నీ చిన్న పనులు. అన్నీ వేళ్ల దగ్గర జరిగే పనులు. వేట్లు వేయవలసిన పని ఒక్కటీ లేదు.

కొత్తగా కొండ పట్టేవాళ్లకు కత్తి అనగానే పొడుగు, మందం, బరువు గుర్తొస్తాయి. పక్కనే తమిళ సీమ, అక్కడి అరివాళ్లు అనే పెద్ద కత్తులు అందరికీ తెలుసు. ఇంట్లో కొబ్బరికాయలు కొట్టే మచ్చుకత్తి ఎలాగూ ఉంటుంది. అదే నడుముకు కట్టుకుపోతే చాలదా అనిపిస్తుంది. అటువంటి కత్తి కావాలని కొలిమి దగ్గర కూర్చున్న కుర్రవాడితో ఆచారి అన్న మాట నాకు బాగా నచ్చింది: "అంత మందం ఎందుకు నాయనా, అది నీకు కోసేదానికా, మోసేదానికా?" మచ్చుకత్తికి దాని పని దానికుంది, తోటలో దానికి సాటి లేదు. కానీ అది భుజంతో వాడే పనిముట్టు. కొండదారిలో నిలబడి, ఒంటిచేత్తో కొమ్మ పట్టుకుని, వేళ్లతో కత్తి నడిపేటప్పుడు ఆ బరువు మనకే ఎదురు తిరుగుతుంది.

మడిచే కత్తి సంగతి కూడా అడుగుతారు. జేబులో ఇముడుతుంది, చూడ్డానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది. కానీ దాని బలమంతా ఒక్క ఇరుసు మీద, ఒక్క తాళం మీద ఆగి ఉంటుంది. ఆ ఇరుసులో మామిడి సొన, ఇసుక, చెమట చేరతాయి. తాళం జారితే అలుగు మడుచుకునేది మన వేళ్ల మీదకే. మడత లేని కత్తిలో కదిలే భాగమంటూ లేదు కాబట్టి చెడేదీ లేదు. ఒరలోంచి తీస్తే తయారు, తుడిచి పెడితే శుభ్రం.

ఇక కత్తి దగ్గరికి వద్దాం. లారీ కమాన్ పట్టీని చూసినవాళ్లకు దాని మందం తెలుసు. పెద్ద లారీలది సెంటీమీటరుకు పైనే ఉంటుంది. చెన్నై–బెంగళూరు మధ్య రాత్రింబవళ్లు బండ్లు తిరిగే దారి పక్క ఊళ్లకు విరిగిన కమాన్ పట్టీలకు కొదవ లేదు. పాతసామాన్ల కొట్టులో తూకం లెక్కన దొరుకుతాయి. ఆ ఉక్కు తక్కువదేమీ కాదు. బండి బరువంతా మోస్తూ లక్షలసార్లు వంగి మళ్లీ నిటారు కావలసిన ఉక్కు. అందులో బొగ్గుపాలు, అంటే కార్బన్, వందకు అర వంతు నుంచి ఆరు పదో వంతుల దాకా ఉంటుంది. చాలా పట్టీల్లో దానికి తోడు సిలికానో, క్రోమియమో, మాంగనీసో కలుపుతారు. ఎంత వంచినా తిరిగి లేచే గుణం ఆ కలయిక వల్ల వస్తుంది. అతి గట్టి పదును కావాలంటే కార్బన్ ఇంకొంచెం ఎక్కువుండాలి. కానీ రాయికి తగిలినా పెచ్చు ఊడని అంచు కావాలంటే ఈ పాళ్లే సరి. గుండ్ల మధ్య నడిచేవాడికి కావలసిందీ అదే.

అయితే పాత పట్టీలో ఒక ప్రమాదముంది. లక్షలసార్లు వంగిన ఉక్కులో కంటికి కనబడని చీలికలు పుట్టి ఉండవచ్చు. పనితెలిసిన కమ్మరి విరిగిన కొసను వాడడు. బోల్టు రంధ్రం చుట్టూ ఉన్న భాగాన్నీ వదిలేస్తాడు. మిగిలిన ముక్కను దారంతో వేలాడదీసి సుత్తితో తట్టి వింటాడు. నిండుగా, సాగుతూ మోగితే లోపల మంచిదే. బొంగురుగా ఆగిపోతే పక్కన పడేస్తాడు. నా ఎదురుగా ఉన్న కత్తిని కూడా పిడి పట్టుకుని గోటితో మీటితే సన్నని మోత వస్తుంది, తడబాటు లేని మోత.

సెంటీమీటరు మందం ఉన్న పట్టీ ఇక్కడ పిడి దగ్గర మూడు మిల్లీమీటర్లుగా దిగింది. అక్కడి నుంచి మొన వైపు పోతూ వీపు క్రమంగా సన్నబడి, చివర ఒకటిన్నర మిల్లీమీటరుకు వస్తుంది. కత్తిని కంటికి ఎదురుగా, వీపు పైకి వచ్చేలా పట్టుకుని చూస్తే ఆ సన్నబాటు ఎక్కడా మెట్టు లేకుండా, గుంట లేకుండా సాగిపోవడం కనిపిస్తుంది. నాకు ఈ కత్తిలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ఆకురాయితో గీకి తెచ్చిన సన్నదనం కాదది. దాగలి మీద సుత్తి దెబ్బలతో తెచ్చింది. ఎరుపు చల్లారేలోపు పడే ఆ కొద్ది దెబ్బల్లో ఒక్కొక్కటి ముందుదాని కన్నా రవ్వంత బరువుగానో తేలికగానో పడాలి. ఒకే బలంతో కొడితే ఒకే మందం వస్తుంది. మొనకు పోయేకొద్దీ ఇనుము పలచబడి తొందరగా ఎర్రబడుతుంది, తొందరగా చల్లారుతుంది. చెయ్యి ఆ రెండు లెక్కల్నీ ఒకేసారి చూసుకోవాలి.

దీని వెనక ఉన్న లెక్క కూడా అందమైనదే. ఉక్కు రేకు మందం సగానికి తగ్గితే దాని బిరుసుదనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే కత్తిని ఊరికే పలచన చేస్తే అది వంగిపోతుంది. కానీ పని చేసేటప్పుడు అలుగు మీద పడే వంపు భారం అంతటా ఒకేలా ఉండదు. పిడి దగ్గర అన్నిటికన్నా ఎక్కువ, మొన దగ్గర దాదాపు సున్నా. కాబట్టి భారం ఉన్న చోట మందం ఉంచి, భారం తగ్గే కొద్దీ మందం తగ్గించుకుంటూ పోతే బలం తగ్గకుండా బరువు తగ్గుతుంది. వంతెన దూలానికి ఇంజనీరు కాగితం మీద వేసే లెక్క ఇది. కొలిమి దగ్గర అదే లెక్క సుత్తి బరువులో, దెబ్బల మధ్య ఎడంలో ఉంటుంది. ఫలితం చేతికి వెంటనే తెలుస్తుంది. ఈ కత్తిని చూపుడువేలి మీద ఆనిస్తే, పిడి మొదలైన చోటనే తులతూగి నిలబడుతుంది. మొన తేలికగా ఉంటుంది. ఎటు తిప్పితే అటు వస్తుంది.

వీపు నుంచి అంచుకు దిగే వాలు చూడండి. చాలా అంగడి కత్తుల్లో వీపు పక్కలు సగం దాకా నిటారుగా దిగి, తర్వాత ఒక్కసారిగా అంచు వైపు వాలుతాయి. దాంతో అంచుకు సరిగ్గా వెనకే ఒక భుజం మిగిలిపోతుంది. అంచు ఎంత పదునున్నా కొమ్మలోకి కొంచెం దిగాక ఆ భుజం అడ్డుకుంటుంది. అప్పటి నుంచి కత్తి కోయదు, చీలుస్తుంది. ఈ కత్తిలో వాలు వీపు నుంచే మొదలైంది. అంచుకు ఒక్క వెంట్రుకవాసి వెనక మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. తుమ్మకొమ్మను చెక్కితే పేడు పలచగా, చుట్టలు తిరుగుతూ లేచి వస్తుంది. దోసకాయ మీద పెడితే ముక్క విరగకుండా జారిపోతుంది.

ఇలా పలచన చేయడానికి ధైర్యం కావాలి. మందమైన కత్తి చేసినవాడి పొరపాట్లు మందంలోనే దాగిపోతాయి. కొంచెం వంకర ఉన్నా తెలియదు, కొంచెం ఎక్కువ కాలినా తెలియదు. పలచని ఉక్కు ఏదీ దాచదు. కొలిమిలో ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే అంచు మాడిపోతుంది. నీళ్లలో రవ్వంత వాలుగా దించితే అలుగు మెలిక పడుతుంది. అందుకే సాధారణంగా కమ్మరులు అంచును పూర్తిగా పలచన చేయకుండా, నాణెమంత మందం ఉంచి పదను పెట్టి, ఆ తర్వాతనే నెమ్మదిగా సానరాయి మీద దించుతారు. నిప్పులో కాలినప్పుడు ఉక్కు పైపొరలో కార్బన్ కొంత తగ్గిపోతుంది. ఆ మెత్తని పైపొర కూడా అలా సాన మీద పోతుంది, లోపలి మంచి ఉక్కు బయటికి వస్తుంది.

పదను పెట్టే ఘట్టం చూడాలంటే పొద్దు వాలాక పోవాలి. ఎండలో ఎరుపు రంగులు ఒకదానికొకటి తేడా తెలియవు. అందుకే కొలిమి పాక ఎప్పుడూ కొంచెం చీకటిగానే ఉంటుంది. అలుగు ముదురు ఎరుపు దాటి, పండు రేగుకాయ ఎరుపుకు వచ్చే చోట ఉక్కు లోపల అమరిక మారుతుంది. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటి ఇంకొంచెం పైకి పోవాలి, మరీ పైకి పోకూడదు. మరీ పైకి పోతే ఉక్కు గింజ పెద్దదై, విరిస్తే పటికబెల్లంలా పెళుసుగా విరుగుతుంది. ఆ ఎరుపు దగ్గర ఇనుములో కార్బన్ కరిగి ఉంటుంది. అప్పుడు చటుక్కున చల్లారిస్తే బయటికి రావడానికి దానికి వ్యవధి దొరకదు, ఇనుప పరమాణువుల మధ్య ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకుదనమే గట్టిదనం. ఆకురాయి పెట్టి రుద్దితే గీరుకోకుండా గాజు మీద జారినట్టు జారిపోతుంది.

ఇక్కడే ఈ కత్తి చేసిన చెయ్యి గొప్పదనం కనబడుతుంది. అలుగునంతా ముంచలేదు. అంచు మాత్రమే ముంచి, వీపును ఎర్రగానే వదిలారు. నేపాల్‌లో కుక్రీలు చేసే కామీలు ఇదే పనిని టీ కెటిల్‌తో చేస్తారు. ఎర్రని అలుగు అంచు వెంట సన్నధారగా నీళ్లు పోస్తూ, ఎక్కడ ఎంత గట్టిపడాలో అక్కడ అంతే పోస్తారు. ముంచిన అంచు చల్లారాక బయటికి తీసి, రాయితో గబగబా రుద్ది తెల్లగా చేస్తే, వీపులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకడం కంటికి కనబడుతుంది. ముందు లేత గడ్డి రంగు, తర్వాత తేనె రంగు, ఆ తర్వాత ఊదా, చివరికి నీలం. రంగు రంగుకూ గట్టిదనం ఒక మెట్టు దిగి, దాని బదులు తట్టుకునే శక్తి ఒక మెట్టు పెరుగుతుంది. గడ్డి రంగు దగ్గర వేడి సుమారు 220 డిగ్రీలు, నీలం దగ్గర మూడు వందల లోపు. మొన కోసం, అంచు కోసం తేనె రంగు దాకా రానిచ్చి, అక్కడ ఆపడానికి మొత్తం కత్తిని ముంచేయాలి. ఆ రంగు ఒక చోట ఆగి ఎదురుచూడదు, నడుస్తూనే ఉంటుంది. చెయ్యి దాని కన్నా ముందు కదలాలి.

ఫలితంగా ఒకే ఉక్కు ముక్కలో మూడు స్వభావాలు కుదిరాయి. అంచు గట్టిది, నడుమ సాగేది, వీపు మెత్తనిది. చీలిక ఎక్కడైనా మొదలైనా వీపు దాకా పాకదు. ఈ పని జరిగిందో లేదో కొనేవాడు ఇంట్లో చూసుకోవచ్చు. అంచును కొద్దిగా నిమ్మరసంతో తడిపి కాసేపు ఉంచితే, గట్టిపడిన భాగానికీ పడని భాగానికీ మధ్య ఒక మబ్బు గీత తేలుతుంది. ఈ కత్తిలో ఆ గీత అంచుకు పావు అంగుళం పైన, మొన చుట్టూ తిరిగి, ఎక్కడా తెగకుండా సాగింది.

ఇలాంటి జాగ్రత్త తెలుగు నేలకు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు వచ్చి కూర్చునేవారు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయిసీ అనే సర్వే ఉద్యోగి అక్కడి పనిని కళ్లారా చూసి రాసిన వివరం, ఆయన పోయాక 1832లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఐరోపాలో వూట్జ్ అని పేరు పొందిన ఉక్కు అది. లండన్‌లో మైకేల్ ఫారడే, కత్తుల పనివాడు జేమ్స్ స్టోడార్ట్ కలిసి దాని గుట్టు విప్పడానికి పరిశోధన చేశారు. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది. మామూలు ఇనుములా తెల్లగా కాల్చి కొడితే అది సుత్తి కింద ముక్కలయ్యేది. తక్కువ వేడిలో, ఓపికగా, ఎక్కువ దెబ్బలతో సాగదీయాలి. కమాన్ పట్టీ ఉక్కు ఆ జాతిది కాదు, ఫ్యాక్టరీలో పుట్టింది. అయినా నిప్పు రంగు చూసి ఉక్కు మనసు తెలుసుకునే చూపు ఆ కొలుముల్లోనూ ఈ కొలిమిలోనూ ఒక్కటే అని నేను గట్టిగా నమ్ముతాను.

బయటి ప్రపంచంలో ఇటువంటి చిన్న కత్తికి పెట్టింది పేరు స్వీడన్‌లోని మోరా. అక్కడ 1891 నుంచి కత్తులు చేస్తున్న సంస్థ ఈనాటి మోరాక్నీవ్. దాని కంపానియన్ అనే కత్తి అలుగు కూడా నాలుగంగుళాల పైచిలుకే. మందం రెండున్నర మిల్లీమీటర్లు. అడవి జీవనం గురించి రాసి పేరు పొందిన కెనడా ఉపాధ్యాయుడు మోర్స్ కోచాన్స్కీ లాంటి వాళ్లు ఖరీదైన కత్తుల కన్నా ఇలాంటి సాదా కత్తినే మెచ్చుకున్నారు. మంచు దేశపు వడ్రంగీ చిత్తూరు సీమ కమ్మరీ ఒకరినొకరు చూడకుండానే అదే పొడవుకు, దాదాపు అదే మందానికి చేరడం నాకు ఆశ్చర్యం కలిగించదు. చేతి కొలతే ఆ కొలతను నిర్ణయించింది. అరచేతి వెడల్పుకు బాగా మించిన అలుగు మొన మీద మనకు అదుపు ఉండదు.

మొనను ప్రత్యేకంగా చూడాలి. వీపు చివరి అంగుళంలో కొంచెం కిందికి వాలి, మొన సరిగ్గా పిడి నడిగీతకు ఎదురుగా వచ్చింది. దీనివల్ల పొడిచినట్టు కాకుండా చూపినట్టు వాడుకోవచ్చు. ముల్లు తీసేటప్పుడు మొన ఎక్కడుందో కన్ను వెతకనక్కరలేదు, చూపుడువేలికే తెలుస్తుంది. బొటనవేలు ఆనే చోట వీపు అంచుల్ని ఆకురాయితో గుండ్రంగా తీశారు. ఆ ముందు రెండంగుళాలు మాత్రం నిక్కచ్చి పలక అంచుతో వదిలేశారు. ఎండు బెరడు గీకడానికి, కర్ర కణుపులు చదును చేయడానికి అంచును పాడు చేసుకోకుండా వీపునే వాడుకోవచ్చు. వాడబోయే మనిషి చేతిని ఊహించుకోకుండా ఒకే వీపును రెండు రకాలుగా ఎవరూ తీయరు.

పిడి చింత చేవ. చింతమాను పైచెక్క పాలిపోయి పురుగు పడుతుంది గానీ, నడుమ చేవ ముదురు గోధుమ రంగులో రాయిలా ఉంటుంది. నీడన బాగా ఆరిన చెక్కనే వాడాలి. పచ్చి చెక్కతో వేసిన పిడి ఒక్క వేసవికే ఎండి వదులవుతుంది. అలుగు వెనక కాడ సన్నబడి పిడి లోపలికి పోయి, అవతలి కొసన బయటికి వచ్చింది. అక్కడ చిన్న ఇత్తడి బిళ్ల మీద దాని తలను సుత్తితో చదును చేసి బిగించారు. ముందువైపు చెక్క చీలకుండా ఇత్తడి గొట్టం ముక్కతో పొన్ను వేశారు. కాడకూ చెక్కకూ మధ్య సందును లక్క కరిగించి నింపారు, నీళ్లు లోపలికి దిగవు. పిడి కోత గుండ్రం కాదు, గుడ్డు ఆకారం, సన్నని వైపు అంచు దిక్కు. చీకట్లో సంచిలోంచి తీసినా అంచు ఎటుందో అరచేతికి తెలిసిపోతుంది. వేళ్లకు గాడులు కోయలేదు. గాడులున్న పిడి ఒక్క పట్టుకే పనికొస్తుంది, నునుపైన పిడి పది రకాల పట్టులకు ఒదుగుతుంది. చెమట పట్టినా జారకుండా వార్నిషు వేయకుండా, ఉత్త నూనె పట్టించి వదిలారు. ఇంత ఆలోచన కనబడకుండా ఇమిడిపోయింది.

ఒర గురించి చాలామంది పట్టించుకోరు. తోలు ఒర అందమైనది, కానీ అన్ని తోళ్లూ కత్తికి మంచివి కావు. రసాయన లవణాలు మిగిలిన తోలులో కార్బన్ ఉక్కు రాత్రికి రాత్రే తుప్పు మచ్చలు పెడుతుంది. మన దక్షిణాదిలో తంగేడు పట్టతో తోలు ఊనడం పాత విద్య. పాలార్ ఒడ్డున వాణియంబాడి, ఆంబూరు తోలు ఊళ్లు బంగారుపాళ్యానికి ఎంతో దూరం కావు. పట్ట తోలుతో, అంచు ఆనే వైపు మరో తోలు పట్టీ కలిపి కుట్టిన ఒర అయితే కత్తి కుట్టును కోసుకుని బయటికి రాదు. ఎంత మంచి ఒరయినా ఇంటికి వచ్చాక కత్తిని అందులో ఉంచకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. విడిగా, ఆరిన చోట పెట్టుకోవాలి.

కార్బన్ ఉక్కు కాబట్టి మామిడి సొన తగిలితే నల్లబడుతుంది, చింతకాయ కోస్తే నీలిమచ్చ వేస్తుంది. బంగారుపాళ్యం మండీకి తోతాపురి కాయ దిగే రోజుల్లో తోటల్లో ఏ కత్తిని చూసినా ఆ రంగే. దానికి భయపడవలసింది లేదు. పులుపు, ఇనుము కలిసి కట్టిన ఆ నల్లని పొర ఎర్రతుప్పును కొంతవరకు ఆపుతుంది. నడక ముగిశాక కడిగి, తడి లేకుండా తుడిచి, రెండు చుక్కల కొబ్బరినూనె రాస్తే చాలు. చెనిక్కాయల నూనె కొన్నాళ్లకు బంకగా మారుతుంది. తుప్పు పట్టని ఉక్కు కావాలనుకునేవాళ్లు అంగడి కత్తే కొనుక్కోవాలి. పల్లె కొలిమిలో స్టెయిన్‌లెస్‌కు సరైన పదను పెట్టడం సాధ్యం కాదు. దానికి వేడి చాలా ఎక్కువ కావాలి, ఆ వేడిని గీతదాటకుండా నిలపాలి.

కొలిమి దగ్గర కత్తి ఎంచుకునేవాళ్లు వెలుగుకు ఎదురుగా అంచును పట్టుకుని చూడాలి. నిజంగా పదునున్న అంచు కంటికి కనబడదు. ఎక్కడైనా సన్నని తెల్లగీత మెరిస్తే అక్కడ మొద్దు. అంచు వెంట నీలం మచ్చ ఉంటే కరెంటు గ్రైండరు మీద అదిమి పట్టారని అర్థం, అక్కడ పదను దిగిపోయింది, ఎన్నిసార్లు నూరినా నిలవదు. పిడి దగ్గర నుంచి మొన వైపు ఒంటికన్నుతో చూస్తే అంచు నూలు పట్టినట్టు నేరుగా పోవాలి. మెరుపు పాలిష్‌కు డబ్బు ఎక్కువ ఇవ్వనక్కరలేదు. వీపు సన్నబాటు చూడండి, అందులో చేతి పని మొత్తం రాసి ఉంటుంది.

ఇంకో సంగతి దాచకూడదు, చట్టం సంగతి. ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల కన్నా పొడుగు, లేదా రెండంగుళాల కన్నా వెడల్పు ఉన్న అలుగుల్ని ఆయుధాల కింద లెక్కిస్తారు, ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటిని మినహాయిస్తారు. మన నాలుగంగుళాల కత్తి ఆ గీతకు చాలా ఇవతల ఉంది. కానీ అడవి సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధమనే మాటలో కత్తి కూడా ఉంది. అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో పోకూడదు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల కోసం 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యానికీ ఇది వర్తిస్తుంది, శేషాచలంలోని శ్రీవెంకటేశ్వర జాతీయ ఉద్యానానికీ వర్తిస్తుంది. ఎర్రచందనం దొంగల వల్ల అక్కడ కత్తి పట్టుకున్న ప్రతి మనిషి మీదా అనుమానం రావడం సహజం. అక్కడికి పోయేటప్పుడు కత్తి ఇంట్లో ఉండాలి. తిరుమల మెట్లదారికీ అంతే. ఈ కత్తికి చోటు తోట వెనక గుట్ట, ఊరి ఉమ్మడి కొండ, మేకలు పోయే బీడు. మిగతా చోట్ల అటవీశాఖ వాళ్లను ముందుగా అడిగి పోవడమే మేలు.

కత్తి దగ్గరుంది కదా అని చేయకూడని పనులూ కొన్ని ఉన్నాయి. ఏనుగు జాడో, ఎలుగు జాడో కనబడితే వెనక్కి తిరగాలి, ఏ కత్తీ అక్కడ పనికిరాదు. పాము కరిస్తే గాటు పెట్టి రక్తం పిండడం పాత అలవాటు. అది ప్రాణానికి ముప్పు, అంచుతో పెట్టిన గాయం విషాన్ని బయటికి తేదు సరికదా, రక్తస్రావాన్ని పెంచుతుంది. కరిచిన కాలును కదలనివ్వకుండా మనిషిని ఆసుపత్రికి, విరుగుడు సూది ఉన్న చోటికి చేర్చాలి. పచ్చని చెట్టు బెరడు చెక్కి పేరు రాయడం మరీ తప్పు. ఎండాకాలంలో ఎండు చితుకులు చెక్కి మంట వేయడమూ అంతే. ఒక్క నిప్పురవ్వకు గుట్టంతా నల్లబడుతుంది.

ఇక నూరడం. ఇసుకరాయి మీద గబగబా ఈడ్చినవాడి కత్తి ఏడాదిలో సగం అరిగిపోతుంది. నీళ్లు చల్లిన నునుపు సానరాయి మీద, వీపును రెండు నాణేల ఎత్తుకు లేపి, ఆ ఎత్తు మారకుండా అంచును ముందుకు తోయాలి. ఒక పక్క చాలేదాకా నూరితే రెండో పక్కన వేలికి తగిలే సన్నని పొర ఒకటి లేస్తుంది. అది పిడి నుంచి మొన దాకా ఎడతెగకుండా లేచిందో లేదో గోటితో చూసుకుని, అప్పుడు రెండో పక్క తిప్పాలి. చివరికి తోలు బెల్టు వెనకవైపు, అంచును వెనక్కి లాగుతూ నాలుగు పట్లు. మంచి పదను పెట్టిన ఉక్కయితే రాయి మీద అది చేసే చప్పుడు మెత్తగా, ఒకే తీరుగా ఉంటుంది. చాలా కత్తులు నూరిన చేతికి ఆ చప్పుడులోనే ఉక్కు సంగతి తెలిసిపోతుంది. ఈ కత్తిని నూరడానికి పెద్దగా సమయం పట్టదు, ఎందుకంటే అంచు వెనక అరగదీయవలసిన ఉక్కే చాలా తక్కువ.